నలుగురికి మాదిరిగా బతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎట్టా చేయాలి

అందరికీ వందనాలండి. నేను గుంటూరులో మిర్చి కమీషన్ కొట్టులో గుమస్తాగా ఇరవై ఏళ్ల పైనుంచి చేస్తున్నా, ఆదివారం మా గుడిలో, అంటే చర్చిలో, యవ్వనస్తుల కూడిక చూసుకుంటా. ఇది రాయడానికి కారణం ఒక కుర్రాడు, వాడి సంగతి ముందు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

కొన్నేళ్ల కిందట మా కూడికకి వచ్చే ఒక పిల్లోడు ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉంటే, సీజన్ మూడు నెలలు నేను చేసే కొట్టులోనే కాటా దగ్గర నాతోపాటు రాసే పనికి పెట్టించా. బుద్ధిమంతుడు, చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. ఆ ఏడు గుడిలో కోతల పండక్కి పల్లెల నుంచి మన వాళ్లు కానుకగా ధాన్యం బస్తాలు తెచ్చారు, వేలం పాటకి ముందు తూకం వేయాలి గదా, వాడికి అలవాటేలే అని పుస్తకం వాడి చేతికిచ్చాం. సాయంత్రం లెక్క చూస్తే ప్రతి బస్తాకీ అరకిలో తక్కువ రాసి ఉంది. ఏందిరా ఇది అంటే, భయం లేదు తడబాటు లేదు, "కొట్లో మీరు అట్టానే గదన్నా రాసేది, తరుగు కింద" అన్నాడు. తరుగంటే సరుకు తగ్గుద్దని తూకంలో ముందే కోసేసేది.

వాడు దొంగతనం చేయలా. పెద్దోణ్ని చూసి పని నేర్చుకున్నాడు, అంతే. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని సామెతలు 11లో మొదటి వచనం వాడికి కంఠతా పెట్టించింది కూడా నేనే, ఆ వచనం వాడికి నోటికి వచ్చు, నా అరకిలో మాత్రం చేతికి వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

తర్వాత మా అయ్యగారి (పాస్టరు గారి) దగ్గర కూర్చుని ఇదంతా చెప్పుకుంటే ఆయన 1 పేతురు 2:21 తీయించారు. క్రీస్తు మనకి మాదిరి ఉంచిపోయాడు అని ఉంటది అక్కడ. ఆ "మాదిరి" అన్నచోట గ్రీకులో ఉన్న మాట హుపోగ్రమ్మోస్ అంటే చిన్నపిల్లలు దిద్దుకోడానికి పంతులు ముందుగా రాసిపెట్టే అక్షరం అని చెప్పారు. మనం పలక మీద ఓనమాలు దిద్దలా, సరిగ్గా అదే. పంతులు అక్షరం వంకరగా రాస్తే పిల్లోడు ఎంత శ్రద్ధగా దిద్దితే అంత వంకర వస్తది, ఇంకా శ్రద్ధగల పిల్లోడికే ఎక్కువ నష్టం. మీరు సండే స్కూల్ టీచరైనా, సంఘపెద్దైనా, ఏ పదవీ లేకుండా ఇంట్లో ఇద్దరు పిల్లల తల్లైనా, ఎవరో ఒకరు మీ అక్షరం దిద్దుతానే ఉంటారు. కాబట్టి దీన్ని ఎట్టా సరిచేసుకోవాలో నేను చేసి చూసిన వరసలోనే చెబుతా.

మొదటి పని: మిమ్మల్ని ఎవరు చూస్తున్నారో పేర్లు రాసుకోండి

కాగితం తీసుకుని ఐదారు పేర్లు రాయండి. గుడిలో మీ ప్రసంగం వినేవాళ్లు కాదు, మీరు తయారై లేనప్పుడు మిమ్మల్ని చూసేవాళ్లు. భార్య లేదా భర్త, పిల్లలు, ఇంట్లో ఉండే అత్తగారు, పనికొచ్చే అమ్మాయి, అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్, కొట్టులో హమాలీ, కూడిక అయ్యాక మీ బండి మీద ఇంటిదాకా వచ్చే కుర్రాడు. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో నువ్వు నా బోధ, నా ప్రవర్తన, నా ఓర్పు, నాకొచ్చిన హింసలు అన్నీ ఎరుగుదువు అంటాడు చూడండి (3వ అధ్యాయం 10, 11), అంత ధైర్యంగా ఎట్టా అనగలిగాడంటే తిమోతి ఆయనతో కలిసి తిరిగినవాడు, తిన్నవాడు, ఆయన అలసిపోయినప్పుడు ఎట్టుంటాడో చూసినవాడు.

పేర్లు రాశాక వాళ్లలో ఇద్దరి దగ్గరికన్నా వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి, "నన్ను చూసి నువ్వు ఏం నేర్చుకున్నావు?" అని. మంచేనా చెడేనా అని అడగొద్దు, "నాలో లోపాలేమన్నా ఉన్నాయా" అని అసలే అడగొద్దు, అట్టా అడిగితే మొహమాటానికి ఏం లేవండి అంటారు. ఏం నేర్చుకున్నావు అంటే మాత్రం ఆలోచించి చెబుతారు. చెప్పేటప్పుడు మధ్యలో అందుకుని అది అట్టా కాదు, ఆ రోజు నాకు తలనొప్పి అని సంజాయిషీ ఇవ్వకండి. విని, సరే అని, ఇంటికొచ్చి రాసుకోండి.

మా ఆవిడ నాకు చెప్పింది ఏందంటే, "గుడిలో అందరితో బ్రదర్, సిస్టర్, అండి అంటారు, ఇంటికొచ్చి బండి స్టాండు వేయకముందే గొంతు మారిపోద్ది, పిల్లలు ఆ గొంతు వినే పుస్తకాలు తీస్తారు" అని. పెళ్లైన ఇన్నేళ్లలో నేను అడక్కపోబట్టి తను చెప్పలేదు. పనికొచ్చే అమ్మాయినీ వాచ్‌మెన్‌నీ నేరుగా అడిగితే ఇబ్బంది పడతారు, వాళ్ల విషయంలో మీరే గమనించుకోండి: జీతం ఏ తారీకున ఇస్తున్నారు, పేరు పెట్టి పిలుస్తున్నారా లేక ఏయ్ అంటున్నారా, వాళ్ల ముందు ఎవరి గురించి ఎట్టా మాట్లాడుతున్నారు.

రెండో పని: ఒక్కటే పట్టుకోండి

చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు, కొత్త సంవత్సరం ఆరాధనలో మోకాళ్ల మీద అన్నీ ఒకేసారి తీర్మానం చేసుకుంటారు, సంక్రాంతి నాటికి ఏమీ ఉండదు. 1 తిమోతి 4:12లో పౌలు ఐదు చెప్పాడు, మాట, ప్రవర్తన, ప్రేమ, విశ్వాసం, పవిత్రత. మీరు రాసుకున్న జవాబులు చూసి ఈ ఐదింట్లో ఎక్కడ ఎక్కువ దెబ్బ ఉందో ఆ ఒక్కటి తీసుకోండి, తీసుకుని కంటికి కనపడే చిన్న పనిగా మార్చండి. "ప్రేమగా ఉంటా" అనేది పని కాదు. "ఇంట్లోకి అడుగుపెట్టిన మొదటి పది నిమిషాలు ఎవరినీ ఏ తప్పూ అడగను" అనేది పని. మాట విషయంలో అయితే, ఇంట్లోనే ఉండి లాడ్జి సెంటర్ సిగ్నల్ దగ్గరున్నా వచ్చేస్తున్నా అని ఫోన్లో చెప్పకుండా "ఇంకా బయలుదేరలేదండి, అరగంట పడుద్ది" అని నిజం చెప్పడం పని. చిన్నదే గానీ పక్కన కూర్చున్న పిల్లలు వినేది సరిగ్గా ఇదే.

ఈస్టరుకి ముందు శ్రమల కాలం నలభై రోజులు మనకి అలవాటే గదా, అంతకాలం ఆ ఒక్కటే చేయండి. నేను మారుతున్నా అని ఎవరికీ చెప్పకండి. చెప్పారా, వాళ్లు మిమ్మల్ని మెచ్చుకోవడం మొదలుపెడతారు, మెచ్చుకోలు వచ్చాక పని ఆగిపోద్ది. నేను మొదటిసారి అట్టానే చెడగొట్టుకున్నా. ఈ నలభై రోజుల్లో ఆ విషయం మీద ఎవరికీ వాక్యం కూడా చెప్పొద్దు. పంతులు ముందు తను రాయాలి.

మూడోది డబ్బు, దీని దగ్గర కొంచెం నిదానంగా చదవండి

మన తెలుగు సంఘాల్లో పిల్లలు విశ్వాసం వదిలేసిన ఇళ్లు కొన్ని నాకు తెలుసు, వాళ్లతో మాట్లాడితే సిద్ధాంతం గురించి ఎవరూ చెప్పరు, ఎక్కువమంది చెప్పేది డబ్బు సంగతే. కానుకల లెక్క దగ్గర గొడవ, అప్పు ఎగ్గొట్టిన పెద్దమనిషి ముందు వరసలో కూర్చోవడం, ఇట్టాంటివి. అందుకే మాదిరిగా ఉండాలనుకున్నవాడు డబ్బు పక్కనపెట్టి మిగతావన్నీ బాగుచేసుకుంటానంటే కుదరదు.

మొదట వెనకటి లెక్క. ఎవరిదన్నా మీ దగ్గర ఉంటే తిరిగివ్వండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఎవరినైనా మోసం చేసి తీసుకుంటే నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8), అందరి ముందు అన్నాడు, ఎందుకంటే అతను తీసుకుంది కూడా ఊరందరి దగ్గర. నా సంగతి చెబుతా. తరుగు సొమ్ము కొట్టుకి పోయింది గానీ సీజన్ చివర్లో నాకు బోనస్ ఇచ్చారు గదా, అందులో ఆ అరకిలోలు ఉన్నాయి. యజమానితో ఇక నేను తరుగు రాయనని, రాయాల్సొస్తే రైతుకి ముందే చెప్పి రాద్దామని అన్నా. ఆయనకి కోపం వచ్చింది, రెండు వారాలు ముఖం చూసి మాట్లాడలా. తర్వాత సీజన్‌కి నేను వేరే కొట్టుకి మారా, జీతం వెయ్యి రూపాయలు తగ్గింది. ఆ బోనస్ డబ్బు పట్టుకుని పాత చిట్టాలో పేర్లు చూసుకుని ఆ కుర్రాణ్ని వెంటబెట్టుకుని ఆదివారాలు మధ్యాహ్నం ఊళ్లు తిరిగా. పదకొండు మంది దొరికారు. ఒక రైతు తీసుకోనన్నాడు, ఒకాయన తిట్టి తీసుకున్నాడు, ఒక ముసలాయన మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాడు. కూడికలో నేను చెప్పిన పాఠాలన్నీ ఒకెత్తు, ఆ పదకొండు ఇళ్లు వాడికి ఒకెత్తు.

తిరిగిచ్చేటప్పుడు వరస తప్పొద్దు. కొంతమంది మోసం చేసిన సొమ్ము తీసుకొచ్చి కానుక పెట్టెలో వేసి తేలికపడతారు. సంఖ్యాకాండం 5వ అధ్యాయం (6 నుంచి 8 వచనాలు) చూడండి, ముందు ఎవరికి నష్టం చేశామో ఆ మనిషికే, అసలు మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి, ఆ మనిషీ లేక తీసుకోడానికి బంధువు కూడా లేనప్పుడే యాజకుడికి. మనిషి దొరుకుతుంటే మనిషికే ఇవ్వండి, ఫోన్‌పే చేసి ఊరుకోకుండా వెళ్లి ఇవ్వండి.

ఇక ఇప్పటి లెక్క. క్రిస్మస్ కేరల్స్‌కి నక్షత్రం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాం, కవర్లు వస్తాయి. మా దగ్గర పద్ధతి ఏందంటే, ఏ రోజు కవర్లు ఆ రోజే, ఇద్దరు కూర్చుని లెక్కపెట్టాలి, ఆ ఇద్దరూ ఒక ఇంటివాళ్లు కాకూడదు, మొత్తం రాసి ఇద్దరూ సంతకం చేయాలి, ఆ వారమే నోటీసు బోర్డులో పెట్టాలి. టిఫిన్లకీ ఆటోకీ అయిన ఖర్చు కూడా రాయాలి, సిగ్గుపడాల్సిన పని లేదు. నన్ను నమ్మరా అని ఎవరన్నా చిన్నబుచ్చుకుంటే 2 కొరింథీ 8:20, 21 చూపించండి, పౌలే యెరూషలేము పేదల కోసం పోగుచేసిన విరాళం ఒక్కడే మోసుకెళ్లలా, తనమీద నింద రాకుండా వేరేవాళ్లని కూడా పంపాడు. అంతటివాడికి లేని చిన్నతనం మనకెందుకు. ఇందులో ఇంకో మేలుంది, పద్దెనిమిదేళ్ల పిల్లోణ్ని ఆ ఇద్దరిలో ఒకడిగా కూర్చోబెడితే వాడికి జీవితాంతం ఆ పద్ధతి ఉండిపోద్ది.

నాలుగు: క్షమాపణ అడగడం, మాటలు కూడా రాసిస్తా

మాదిరిగా ఉండటం అంటే తప్పు చేయకుండా ఉండటం అనుకుని చాలామంది భయపడి వెనక్కి తగ్గుతారు, లేదా తప్పులు దాచుకోవడం నేర్చుకుంటారు, రెండోది ఇంకా ప్రమాదం. మీ తప్పు మీ పిల్లలు చూడనే చూశారు, దాన్ని మీరు ఎట్టా సరిచేసుకున్నారనేదే వాళ్లకి ఇంకా తెలియదు. అది చూపించండి.

ఇట్టా అడగండి: "నిన్న అందరి ముందు నీ మీద అరిచా. అది తప్పు. నీకు చిన్నతనం అయింది. నన్ను క్షమించు." అంతే, ఆపేయండి. "నువ్వు బాధపడి ఉంటే" అనొద్దు, బాధపడిందని తెలుసుగా. "నువ్వు కూడా ఆలస్యంగా వచ్చావు గదా" అని తోక తగిలించొద్దు. నలుగురి ముందు అరిస్తే ఆ నలుగురి ముందే అడగాలి, వంటింట్లోకి తీసుకెళ్లి గుసగుసగా అడిగితే లెక్కలోకి రాదు. పిల్లల దగ్గర తండ్రి క్షమాపణ అడిగితే లోకువైపోతాడని మన పెద్దవాళ్లు అంటారు, నేను చూసినంతలో అట్టా జరగలా, మా అమ్మాయి మొదటిసారి నేను అడిగినప్పుడు ఏం మాట్లాడకుండా లోపలికి వెళ్లి, గంట తర్వాత వాళ్ల తమ్ముడి దగ్గరికి వెళ్లి "నీ పెన్ను విరగ్గొట్టింది నేనేరా" అంది.

బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట (మత్తయి 5:23, 24) ఉంది గదా, దాన్ని ప్రభు సంస్కారం ఉండే ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం పనిగా పెట్టుకోండి. ఆ సాయంత్రం ఒక ఫోన్ చేయాల్సిన మనిషి దాదాపు ఎప్పుడూ ఒకరు ఉంటారు.

ఐదు, ఆరు కలిపి చెబుతా: కింది పని మీరు చేయండి, చేసేటప్పుడు ఒకరిని వెంటబెట్టుకోండి

ప్రభువు శిష్యుల కాళ్లు కడిగింది మనం మంచి శుక్రవారానికి ముందురోజు గుర్తుచేసుకుంటాం. ఆ కాలంలో అది పనివాళ్లు చేసే పని. మరి ఇవాళ మన గుంటూరులో, బెజవాడలో ఆ పని ఏంది? ప్రేమవిందు అయ్యాక గిన్నెలు తోమడం. టాయిలెట్ కడగడం. గుడిలో షామియానా, కుర్చీలు వేసి అయిపోయాక తీయడం, మే నెల ఎండలో వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) పిల్లల కోసం మంచినీళ్ల టిన్నులు మోయడం. మన సంఘాల్లో ఈ పనులు ఎప్పుడూ అవే నాలుగు కుటుంబాలు చేస్తాయి, మైకు పట్టుకునేవాళ్లు వేరే ఉంటారు. మీరు మైకు పట్టుకునేవాళ్లయితే ఆ నాలుగు కుటుంబాల పక్కన వెళ్లి నిలబడండి, వాళ్లని లేపి మీరు చేయడం కాదు, వాళ్ల దగ్గర నేర్చుకుని చేయండి. మొదటిసారి అయ్యో మీరెందుకండి అని చేతిలోది లాక్కుంటారు. మూడోవారం నుంచి లాక్కోరు. ఏడాది చేశాక పక్కకి జరిగి చోటిస్తారు, అప్పుడు పని మొదలైనట్టు.

ఇందులో జాగ్రత్త ఒకటి. ఒక్కరే చేయొద్దు. ఒక్కరే అన్నీ చేసేసే మనిషిని చూసి జనం ఆహా ఎంత మంచోడు అనుకుంటారు, ఎవరూ నేర్చుకోరు. ఆస్పత్రికి ప్రార్థనకి వెళ్తున్నారా, ఒక కుర్రాణ్ని తీసుకెళ్లండి, దారిలో చెప్పండి, మంచం పక్కన ఎక్కువసేపు ఉండకూడదు, రోగం వివరాలు అడక్కూడదు, చిన్న కీర్తన చదివి చిన్న ప్రార్థన చేసి రావాలి అని. మొదటిసారి మీరు చేయండి వాడు చూస్తాడు, రెండోసారి కీర్తన వాడు చదువుతాడు, నాలుగోసారి వాడే ప్రార్థన చేస్తాడు మీరు ఆమెన్ అంటారు. పలక మీద చెయ్యి పట్టుకుని దిద్దించడం ఇదే. ఆడపిల్లలైతే సంఘంలో పెద్ద వయసు అమ్మగార్లు, మా పాత బైబిల్ వుమన్‌లాంటివాళ్లు వెంట తీసుకెళ్లాలి, తీతు 2లో పెద్ద స్త్రీలు చిన్నవాళ్లకి నేర్పాలని ఉన్నది ఇంటి పనులకే కాదని నా నమ్మకం.

ఏడు: ఏది కనపడాలి, ఏది కనపడకూడదు

ఒకచోట ప్రభువు మీ సత్‌క్రియలు చూసి తండ్రిని మహిమపరిచేట్టు మీ వెలుగు ప్రకాశించనివ్వండి అన్నాడు (మత్తయి 5:16), ఇంకో పేజీ తిప్పితే మనుషులకి కనపడాలని నీతి పనులు చేయొద్దు అన్నాడు (6:1). మా కుర్రాళ్లు ప్రతి ఏడాదీ ఇది అడుగుతారు, ఏది చేయాలన్నా అని. నేను వాళ్లకి చెప్పేది ఇంతే: ఆ ఆరో అధ్యాయంలో ప్రభువు ఉదాహరణగా చెప్పిన మూడూ ధర్మం, ప్రార్థన, ఉపవాసం. కాబట్టి ఎవరికి ఎంత సాయం చేశామో, రహస్యంగా ఎంతసేపు ప్రార్థన చేశామో, ఎన్ని రోజులు ఉపవాసం ఉన్నామో ఇవి దాచుకోండి. న్యాయంగా తూయడం, అప్పు సమయానికి తీర్చడం, అందరితో కలిసి తినడం, ఇవి ఎట్టాగూ నలుగురి మధ్యే జరుగుతాయి, దాచాలన్నా దాగవు.

పేదవాళ్లకి దుప్పట్లు ఇస్తూ వాళ్ల మొహాలు కనపడేట్టు ఫోటో తీసి స్టేటస్ పెట్టకండి. ఆ దుప్పటి తీసుకున్నావిడ మనవడు కూడా ఫోన్ చూస్తాడు.

ఎనిమిది: విస్తరి దగ్గర

ఇది రాయకపోతే నేను నిజం చెప్పినట్టు కాదు. పేతురు అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తింటా ఉండి, యాకోబు దగ్గర్నుంచి కొందరు రాగానే భయపడి పక్కకి జరిగాడు. ఆయన ఎవరికీ జరగమని చెప్పలా, ఒక్క మాట అనలా, అయినా మిగతా యూదులూ జరిగారు, ఆఖరికి బర్నబా కూడా ఆ వేషధారణలో పడ్డాడు (గలతీ 2:11 నుంచి). పెద్దవాడు ఒక విస్తరి ముందునుంచి లేస్తే ఎంతమంది లేస్తారో చూడండి. పౌలు అందుకే అందరి ముందే అడిగాడు.

మన దగ్గర ఆ విస్తరి పేరు కులం. గుడిలో అందరం ఒక్కటే అంటాం, ఇది ఫలానావాళ్ల సంఘం అది ఫలానావాళ్ల సంఘం అని బయట మనమే చెప్పుకుంటాం, సంబంధాలు చూసేటప్పుడు "విశ్వాసులై ఉండాలి" అన్న మాట తర్వాత గొంతు తగ్గించి ఇంకోటి అడుగుతాం. పిల్లలు ఆ తగ్గించిన గొంతునే దిద్దుకుంటారు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటది, తమిళుడు, తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో పనిచేశాడు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన కాలంలో ఆ ప్రాంతంలో ముందు విశ్వాసంలోకి వచ్చింది మాల మాదిగ కుటుంబాలు. వాళ్ల బతుకులో వచ్చిన మార్పు, తాగుడు మానడం, శుభ్రం, పిల్లలకి చదువు, ఇవి కళ్లారా చూసి తర్వాత శూద్ర కులాలవాళ్లు కూడా వచ్చారు. అంటే ఊళ్లో అందరికంటే కింద అనుకున్నవాళ్లు మిగతావాళ్లకి ముందు నడిచారు. మనం ఆ విశ్వాసుల మనవలం, మునిమనవలం.

చేయాల్సింది ఏందంటే, ఈ నెలలో మీ కులం కాని ఒక విశ్వాసి కుటుంబాన్ని మీ ఇంటికి భోజనానికి పిలవండి, వాళ్లింటికి మీరూ వెళ్లండి. రెండోది ముఖ్యం. పిలవడం చాలామంది చేస్తారు, వెళ్లి తినడం దగ్గర ఆగిపోతారు. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి, దాని గురించి ఇంటికొచ్చి పాఠం చెప్పకండి.

తొమ్మిది: తొందర పడకండి

కొత్తపేటలో కుగ్లర్ ఆస్పత్రి మీదుగా నేను తరచూ వెళ్తుంటా. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చింది 1883లో, చనిపోయింది 1930లో, ఇక్కడే. మధ్యలో సెలవులకి వెళ్లొచ్చినా దాదాపు నలభై ఏడేళ్ల సేవ. బయట మగ డాక్టరుకి చూపించుకోని రోజుల్లో ఆడవాళ్లని ఇళ్లకి వెళ్లి చూసేది, ఆస్పత్రి కట్టడానికే వచ్చిన దగ్గర్నుంచి పద్నాలుగు పదిహేనేళ్లు పట్టింది. మనం మూడు వారాలు కుర్చీలు మోసి ఎవరూ మారట్లేదే అంటాం. మా కూడికలో నేను అనుకున్నది కనపడ్డానికి నాలుగేళ్లు పట్టింది, అది కూడా నేను ఆశపెట్టుకున్న పిల్లల్లో కాదు, వెనక బెంచీలో ఫోన్ చూసుకుంటా ఉండే ఒకమ్మాయిలో.

మధ్యలో మీరు పడిపోతారు కూడా. నేను నిరుడు ఎండాకాలం కొట్టులో ఒక హమాలీని నోటికొచ్చినట్టు అన్నా. అప్పుడు చేయాల్సింది నాలుగో పని, ఆ రోజే, హమాలీలందరూ టీ తాగే టైములో. వాయిదా వేస్తే మర్నాటికి మనసు సాకులు వెతుక్కుంటది. ఒకవేళ పడిపోయింది పెద్ద విషయంలో అయితే, డబ్బు గానీ స్త్రీ పురుషుల విషయం గానీ, అయ్యగారికీ సంఘపెద్దలకీ మీ అంతట మీరే చెప్పి, బాధ్యతల నుంచి పక్కకి జరిగి, వాళ్లు చెప్పినంతకాలం వెనక కూర్చోండి. పిల్లలు అదీ చూస్తారు.

ఇంకోటి, ఎవరన్నా మిమ్మల్నే చూస్తా మీ మాట తీరు, మీ ప్రార్థన గొంతు కూడా అనుకరిస్తుంటే అక్కడ ఆపండి. పౌలు నన్ను పోలి నడవండి అని ఊరుకోలా, నేను క్రీస్తుని పోలి నడుస్తున్నట్టు అన్నాడు (1 కొరింథీ 11:1). ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టుకుని ఒక సువార్త మొదటినుంచి చివరిదాకా కలిసి చదవండి, మార్కు అయితే పదహారు అధ్యాయాలే, వారానికి ఒకటి చొప్పున నాలుగు నెలలు. చదివేకొద్దీ వాడి కళ్లు మీ మీదనుంచి తప్పుకుంటాయి.

ఆఖరి పని: చెయ్యి వదలడం

అక్షరం వచ్చాక కూడా పంతులు చెయ్యి పట్టుకునే ఉంటే పిల్లోడికి రాయడం రాదు. ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది. మా యవ్వనస్తుల గది తాళంచెవి పన్నెండేళ్లు నా జేబులోనే ఉంది. ఎప్పుడు ఇవ్వాలి అంటే, వాళ్లు మీరు లేకుండా మూడు కూడికలు నడిపాక ఇవ్వండి. ఇచ్చేటప్పుడు చిట్టా పుస్తకం, బ్యాంకు కాగితాలు, షామియానా వాళ్ల ఫోన్ నంబరు, ఏ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోలేదో ఆ జాబితా, అన్నీ ఒకేసారి ఇవ్వండి, సగం మీ దగ్గర ఉంచుకోకండి. ఆ తర్వాత మూడు నెలలు కూడికలో ఆఖరి వరసలో కూర్చోండి, అడిగితేనే చెప్పండి. కుర్చీలు వాళ్లు వేరే తీరుగా వేస్తే లేచి సర్దకండి.

నేను మొన్న జనవరిలో ఇచ్చా. తీసుకున్నది ఆ కాటా దగ్గరి కుర్రాడే, ఇప్పుడు వాడికి పెళ్లై ఒక పాప కూడా. ఈ ఏడు కోతల పండక్కి తూకం వాడే వేయించాడు, కాటా మొదలుపెట్టే ముందు ఖాళీ పళ్లెం సున్నా చూపిస్తుందో లేదో బస్తా తెచ్చిన ప్రతి మనిషినీ దగ్గరికి పిలిచి చూపించాడు. అది నేను నేర్పింది కాదు.